తగవరి చేతికి సంకెల వేయవచ్చునా?

అర్థం తలక్రిందులైన తెలుగు మాటల్లో 'తగవు' ఒకటి. నేడు తగవు అంటే పోట్లాట. పాత భాషలో తగవు అంటే న్యాయం, తగిన నడత. ఆ తగవు చెప్పగలిగినవాడు తగవరి. ఇద్దరి నడుమ మాట తేలనప్పుడు ఇద్దరికీ సమ్మతుడైన మూడవ మనిషిని కూర్చుండబెట్టి, అతడు చెప్పినదానికి కట్టుబడి ఉండడం మన పల్లెలకు కొత్త సంగతి కాదు. న్యాయం అనే అర్థం పోయి పోట్లాట అనే అర్థం మిగిలిందంటే, బహుశా తగవరులు తగ్గి తగాదాలు పెరిగిన ఫలితం కావచ్చు. వ్యుత్పత్తి శాస్త్రం ఇందుకు ఒప్పుకోకపోయినా లోకానుభవం ఒప్పుకుంటుంది.

ఈ టపాలో నేను వ్రాయదలచినది గట్టు తగవునో నీళ్ళ తగవునో గురించి కాదు. జీతాల తగవును గురించి. ప్రభుత్వోద్యోగి జీతం ఎంత పెరగాలన్న విషయంలో ప్రభుత్వానికీ ఉద్యోగసంఘానికీ పొత్తు కుదరనప్పుడు, స్వతంత్రుడైన మధ్యవర్తి ఒకరు ఇరువైపుల వాదాలూ విని తీర్పు చెప్పే పద్ధతి కొన్ని దేశాల్లో అర్ధశతాబ్దానికి పైగా నడుస్తున్నది. ఆ తీర్పు సలహా కాదు, సిఫార్సు కాదు, ఇరుపక్షాలూ శిరసావహించవలసినదే. అయితే, "నీవు ఏ తీర్పు చెప్పినా సరే, పెంపు మాత్రం ఇంత శాతానికి మించరాదు" అని ఆ మధ్యవర్తికి ముందుగానే గిరి గీస్తూ చట్టాలు చేసిన ప్రభుత్వాలున్నవి. అట్లా గీయవచ్చునా, గీయరాదా అన్నదే నా చర్చ.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పి, ప్రస్తుతం పింఛను మీద బ్రతుకుతున్నవాణ్ణి. వేతన సవరణ జరిగితే నా పింఛనూ సవరణకు వస్తుంది. కనుక ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాను. చదువరులు నా మాటల్లో ఆ మేరకు తరుగు తీసి తూచుకొనగలరు.

అసలు ఈ మధ్యవర్తి ఎందుకు పుట్టుకొచ్చాడు? కర్మాగారంలో కార్మికుడు పని మానితే నష్టపోయేది యజమాని. పోలీసు, అగ్నిమాపక ఉద్యోగి, ఆసుపత్రి నర్సు పని మానితే నష్టపోయేది ఆ వివాదంతో సంబంధం లేని మూడవవాడు. కనుక వీరు సమ్మె చేయరాదని చట్టాలు వచ్చినవి. ఇది సబబే. అయితే సమ్మె అన్నది శ్రామికుడి చేతిలోని కర్ర. కర్ర తీసుకున్నవాడు దాని బదులు మరొకటేదైనా చేతికి ఇవ్వాలి కదా! ఆ బదులే నిర్బంధ మధ్యవర్తిత్వం. అది దయాదత్తం కాదు, మారకం. ఒక హక్కును వదులుకున్నందుకు లభించిన మరొక హక్కు. ఈ సంగతి మరచిపోతే తక్కిన చర్చ అంతా దారి తప్పుతుంది.

ఇక పరిమితి కావాలనేవారి వాదం. దానిని తేలికగా త్రోసివేయడానికి వీలు లేదు. ప్రభుత్వ ఖజానా ప్రజలది. ప్రజల సొమ్ము ఎట్లా ఖర్చు పెట్టాలో నిర్ణయించే బాధ్యత ప్రజలు ఎన్నుకున్నవారిది. మధ్యవర్తిని ఎవరూ ఎన్నుకోలేదు. అతడు తీర్పు చెప్పి తన దారిన తాను పోతాడు. పన్ను పెంచి తిట్లు తినేది మరొకరు. పైగా ఒక ఊళ్ళో ఇచ్చిన తీర్పు ప్రక్క ఊళ్ళో ప్రమాణం అవుతుంది. "వారికి ఇంత వచ్చింది, మాకెందుకు రాదు?" అన్న వాదంతో మెట్టు మీద మెట్టుగా జీతాలు పెరుగుతూ పోతాయి. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. చివరకు మధ్యవర్తి ఇరువురి కోరికల నడుమ ఎక్కడో ఒకచోట తెగ్గొడతాడని తెలిసినప్పుడు, ఒకరు ఆకాశాన్నీ మరొకరు పాతాళాన్నీ పట్టుకొని కూర్చుంటారు. మాట్లాడుకొని సర్దుకొనే అలవాటే పోతుంది.

ఈ వాదానికి ఉత్తమమైన ఉదాహరణ అమెరికాలోని న్యూజెర్సీ. అక్కడ పోలీసు, అగ్నిమాపక సిబ్బందికి నిర్బంధ మధ్యవర్తిత్వం 1977 నుంచి ఉన్నది. ఆ రాష్ట్రంలో ఆస్తిపన్ను భారం ఎంతటిదో ఎడిసన్ వంటి ఊళ్ళలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. 2010 జూలైలో గవర్నరు క్రిస్ క్రిస్టీ కాలంలో, స్థానిక సంస్థలు వసూలు చేసే ఆస్తిపన్నును, కొన్ని మినహాయింపులు పోగా, ఏటా 2 శాతానికి మించి పెంచరాదని చట్టం చేశారు. వసూలుకు గిరి గీశారు. మరి ఖర్చు మాట? మధ్యవర్తి 3 శాతమో 4 శాతమో పెంచమంటే పురపాలక సంఘం ఎక్కడినుంచి తేవాలి? కాలువ తలుపులు బిగించి తూము తెరచిపెడితే చెరువు ఎండక ఏమవుతుంది? కనుక అదే సంవత్సరం డిసెంబరులో మరొక చట్టం తెచ్చి, మధ్యవర్తుల తీర్పులో మూలవేతనాల పెంపు కూడా సగటున ఏటా 2 శాతానికి మించరాదన్నారు. 2011 జనవరి 1 నుంచి అమలైన ఈ పరిమితిని 2014లో పొడిగించారు. 2017 డిసెంబరు 31తో దాని గడువు ముగిసింది. ఆ పైన పొడిగించలేదు.

ఈ చట్టంలో ఒక తర్కం ఉన్నదని నేను ఒప్పుకుంటాను. ప్రభుత్వం తనకు తాను వేసుకున్న సంకెలనే తీర్పరికీ వేసింది. గడువు పెట్టింది, పింఛను, వైద్యబీమా ఖర్చులను ఆ లెక్కలో కలపలేదు. పైగా కాలం కలిసివచ్చింది. 2012 మొదలు 2017 వరకు ఆ దేశంలో ధరల పెరుగుదల 2 శాతం దగ్గరనో అంతకు తక్కువగానో ఉన్నది. అందువల్ల గిరి లోపల ఉన్నవారికి గిరి అంతగా కోసుకోలేదు. అదే అంకె 2022లో కూడా కొనసాగి ఉంటే? ఆ ఏడాది అమెరికాలో ధరలు సగటున 8 శాతం పెరిగినవి. 2 శాతం పెంపు అంటే అప్పుడు పెంపు కాదు, 6 శాతం కోత.

అటువంటి ప్రమాదం ఎక్కడో జరిగి ఉండవచ్చునని ఊహించనక్కరలేదు; కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో నిజంగానే జరిగింది. అక్కడి ప్రభుత్వం 2019 నవంబరులో ఒక చట్టం చేసింది. బిల్లు 124 అన్న పేరుతో అది ప్రసిద్ధం. ఉపాధ్యాయులు, నర్సులు మొదలైన ప్రభుత్వరంగ ఉద్యోగుల జీతాలు మూడేళ్ళ పాటు ఏటా 1 శాతానికి మించి పెరగరాదన్నది దాని సారాంశం. చర్చల ద్వారా వచ్చిన ఒప్పందానికీ, మధ్యవర్తి ఇచ్చిన తీర్పుకూ ఒకే కట్టడి. ఆంటారియోలో ఆసుపత్రి ఉద్యోగులకు సమ్మె హక్కు 1965 నుంచీ లేదు. వారికున్న ఒకే ఒక దిక్కు మధ్యవర్తి. ఆ మధ్యవర్తి నోటినే కట్టివేశారు. చట్టం వచ్చిన కొద్ది నెలలకే కరోనా మహమ్మారి వచ్చింది. నర్సులను వీరులని కొనియాడి చప్పట్లు కొట్టిన లోకంలోనే వారి జీతం 1 శాతం దగ్గర ఆగిపోయింది. 2022లో కెనడాలో ధరలు 6.8 శాతం పెరిగినవి.

ఇంకొక విశేషం. ఆ చట్టం పురపాలక సంఘాల ఉద్యోగులకు వర్తించలేదు. అంటే ఊరి పోలీసులకూ అగ్నిమాపక సిబ్బందికీ ఆ గిరి లేదు. స్త్రీలు అధిక సంఖ్యలో పనిచేసే బడులకూ ఆసుపత్రులకూ ఉన్నది. పొదుపు చేయవలసి వచ్చినప్పుడు ముందుగా ఎవరి కంచం లాగుతారో చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఆ చట్టం రాజ్యాంగవిరుద్ధమని 2022 నవంబరు 29న అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. సంఘటితమై బేరమాడుకొనే స్వేచ్ఛకు అది భంగకరమన్నది. 2024 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కూడా సంఘటిత ఉద్యోగుల విషయంలో అదే మాట అన్నది. ఆ నెలలోనే ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసుకున్నది. ఆ తరువాత పాత సంవత్సరాల లెక్కలు మళ్ళీ తెరిచారు. ఉపాధ్యాయుల మూడవ సంవత్సరపు పెంపును మధ్యవర్తికి వదిలితే, ఆయన అదనంగా 2.75 శాతం ఇచ్చాడు. మొత్తం మీద బకాయిలు శతకోట్ల డాలర్లకు లెక్క తేలినవి. మిగుల్చుకుందామనుకున్నది మిగలలేదు సరికదా, విడిచిపోయిన నర్సులు తిరిగి రాలేదు, పోయిన నమ్మకమూ తిరిగి రాలేదు.

ఈ రెండు ఉదాహరణలనుంచి నేను గ్రహించినది ఇది. పరిమితి అన్నదే తప్పు కాదు. ఖజానాకు అడుగు ఉంటుంది. అడుగు లేని ఖజానా పురాణాల్లోనే కానీ రాజ్యాల్లో లేదు. తప్పు ఎక్కడున్నదంటే, వివాదంలో తానొక పక్షమైయుండీ, వివాదం పుట్టకముందే తీర్పులోని అంకెను ప్రభుత్వమే వ్రాసిపెట్టుకొనడంలో ఉన్నది. ప్రభుత్వానికి రెండు వేషాలు. ఒక వేషంలో అది యజమాని, మరొక వేషంలో శాసనకర్త. యజమానిగా గెలవలేని వాదాన్ని శాసనకర్తగా గెలిస్తే దానిని బేరమనరు, తీర్పు అసలే అనరు. ఆట మధ్యలో ఆటగాడే వచ్చి గీతలు మార్చడం అది. ముందుగా వ్రాసిన అంకెకు కళ్ళు లేవు. ధరలు పెరిగినా దానికి కనపడదు, ఉద్యోగులు వలసపోయి ఆసుపత్రులు ఖాళీ అయినా దానికి కనపడదు. తీర్పరికి కళ్ళున్నవి, అందుకే కదా అతణ్ణి కూర్చుండబెట్టినది!

మరి ఖజానాను కాపాడుకొనే దారి లేదా? ఉన్నది. ఆ దారి మన దేశంలోనే, కేంద్రప్రభుత్వ కాగితాల్లోనే ఉన్నది. 1960 జూలైలో కేంద్రప్రభుత్వోద్యోగులు అయిదు రోజులు సమ్మె చేశారు. ఆ చేదు అనుభవం తరువాత, బ్రిటన్‌లోని విట్లీ మండలుల నమూనాను అనుసరించి, 1966లో ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగాన్నీ నిర్బంధ మధ్యవర్తిత్వాన్నీ కేంద్రం ఏర్పాటు చేసింది. జీతభత్యాలు, వారపు పనిగంటలు, సెలవులు, ఈ మూడు విషయాల్లో ఒక తరగతి ఉద్యోగులకు సంబంధించిన వివాదం తేలకపోతే మధ్యవర్తి మండలికి వెళ్ళవచ్చు. మండలిలో ముగ్గురు: ఇరుపక్షాల జాబితాల నుంచి ఒక్కొక్కరు, తటస్థుడైన అధ్యక్షుడొకరు. తీర్పు ఇరుపక్షాలకూ శిరోధార్యం. అయితే జాతీయ ఆర్థిక వ్యవస్థ దృష్ట్యా గానీ, సామాజిక న్యాయం దృష్ట్యా గానీ ఆ తీర్పును మార్చవలెనని ప్రభుత్వం భావిస్తే, ఆ కారణాలను వ్రాతపూర్వకంగా చూపి, తీర్పుతో సహా పార్లమెంటు ఉభయ సభల ముందు పెట్టాలి. మార్చేదీ, అవసరమైతే త్రోసిపుచ్చేదీ పార్లమెంటు.

ఇందులోని విజ్ఞత గమనించండి. ఇక్కడ కూడా పరిమితి ఉన్నది. కానీ అది ముందుగా వేసిన సంకెల కాదు, అవసరమైతే లాగే పగ్గం. తీర్పరి స్వేచ్ఛగా తీర్పు చెబుతాడు. న్యాయమైన అంకె ఏదో లోకానికి తెలుస్తుంది. ఆ తరువాత ప్రభుత్వం, "ఇది న్యాయమే కావచ్చు, కానీ ఇచ్చుకోలేను, ఇవిగో కారణాలు" అని అందరి ఎదుట చెప్పుకోవాలి. న్యాయం ఎంతో, స్తోమత ఎంతో విడివిడిగా తేలుతాయి. ముందుగా గిరి గీసే పద్ధతిలో ఈ రెండూ కలిసిపోయి, స్తోమత లేకపోవడమే న్యాయమన్నట్లు చలామణీ అవుతుంది.

ఈ ఏర్పాటులో లోపాలు లేవని నేననను. ఏది మధ్యవర్తికి పంపాలో, ఏది పంపరాదో అన్న పేచీతోనే అది నడక మొదలుపెట్టింది. అవసరాల ప్రాతిపదిక మీద కనీస వేతనం నిర్ణయించాలన్న కోరికను మధ్యవర్తికి నివేదించడానికి ప్రభుత్వం నిరాకరించినందుకే 1968 సెప్టెంబరు 19న మళ్ళీ ఒకరోజు సమ్మె జరిగింది. దానిని అణచడానికి ఆర్డినెన్సు వచ్చింది. పార్లమెంటులో మెజారిటీ ప్రభుత్వానిదే కనుక, త్రోసిపుచ్చే తీర్మానం నెగ్గడమూ కష్టం కాదు. అట్లా నెగ్గించుకున్న సందర్భాలూ ఉన్నవి. అయినా సభలో నిలబడి కారణం చెప్పి త్రోసిపుచ్చడానికీ, గది తలుపులు మూసుకొని తగ్గించడానికీ చాలా తేడా ఉన్నది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయులకూ ఉద్యోగులకూ ఈ భాగ్యం కూడా లేదు. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో పనివారు కారని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు ప్రాథమికంగా గానీ, చట్టబద్ధంగా గానీ, నైతికంగా గానీ లేదని, తమిళనాడు ప్రభుత్వం దాదాపు లక్షా డెబ్బయి వేల మందిని తొలగించిన సందర్భంలో, 2003 ఆగస్టులో చెప్పింది. సరే, సమ్మె లేదు, మరి తీర్పరి? తీర్పరీ లేడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత మనవాళ్ళు ఇందుకోసమే చెప్పి ఉంచినట్లున్నది.

మనకున్నది వేతన సవరణ సంఘం. అది సిఫార్సు చేస్తుంది. ప్రభుత్వం తనకు తోచినది చేస్తుంది. గడచిన మూడు సవరణల లెక్క చూడండి. ఉమ్మడి రాష్ట్రపు చివరి సంఘం 29 శాతం ఫిట్‌మెంట్ సిఫార్సు చేస్తే, 2015లో రెండు రాష్ట్రాలూ 43 శాతం ఇచ్చినవి. తెలంగాణ మొదటి సంఘం 7.5 శాతం అంటే, 2021 మార్చిలో ఆ ప్రభుత్వం 30 శాతం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో అశుతోష్ మిశ్రా సంఘం 27 శాతం అంటే, అధికారుల సంఘం 14.29 శాతం చాలునన్నది. 2022 జనవరిలో ప్రభుత్వం 23 శాతం ఇచ్చింది. అప్పటికే ఇస్తున్న మధ్యంతర భృతి 27 శాతం! అసలు సంఘం నివేదికనే మొదట ఉద్యోగులకు చూపలేదు. ఫలితం, ఫిబ్రవరి 3న విజయవాడ వీధుల్లో ఉద్యోగుల ప్రవాహం. సమ్మె ముంగిట రాజీ కుదిరి, ఇంటి అద్దె భత్యం వంటివి కొంత మారినా, 23 మాత్రం 23గానే ఉన్నది.

మూడు సవరణల్లో ఒక్కదానిలోనైనా సంఘం చెప్పిన అంకె నిలవలేదు. రెండు సార్లు ఎక్కువ వచ్చింది కదా అని సంతోషించిన మిత్రులు నాకు తెలుసు. ఆ సంతోషంలోనే మూడవసారి దుఃఖానికి బీజం ఉన్నది. 29ని 43 చేసిన చేయి ఏ కారణమూ చెప్పలేదు. 27ను 23 చేసిన చేయి, ఖజానా ఖాళీ అని చెప్పినా, ఆ లెక్కను తటస్థుడైన ఎవరి ముందూ పెట్టలేదు. వరం ఇచ్చేవాడి దయ మీద బ్రతికేవాడు శాపానికి కూడా సిద్ధపడి ఉండాలి. హక్కుగా వచ్చిన 25, అనుగ్రహంగా వచ్చిన 43 కంటె మేలని నా అభిప్రాయం. ఈ మాటకు నా తోటి పింఛనుదారులే నా మీద కోపగించుకొనవచ్చు.

కనుక నేను కోరేది ఇది. రాష్ట్రాల్లో కూడా కేంద్రంలోని మాదిరి మధ్యవర్తి మండలి ఉండాలి. ప్రభుత్వం తన జమాఖర్చులను ఆ మండలి ముందు పెట్టాలి. ఇచ్చుకొనే స్తోమతను కూడా తీర్పరి విధిగా లెక్కలోకి తీసుకోవాలి. కరువు భత్యాన్ని ఈ బేరం నుంచి పూర్తిగా తప్పించి, వాయిదాలు ఎగవేయకుండా సకాలంలో చెల్లించాలి. అది పెంపు కాదు, ధరలు తిన్నదానిని తిరిగి పూడ్చడం. ఈ ఒక్క షరతు పాటిస్తే, దానికి పైన ఇచ్చే అసలు పెంపు మీద పగ్గం ఉండడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ పగ్గం శాసనసభ చేతిలో ఉండాలి. కారణం వ్రాసి, సభలో చదివి, చర్చించి లాగాలి.

"పంతులుగారూ, మీకు ఎంత ఇచ్చినా చాలదా? రైతుకు ఏ తీర్పరి ఉన్నాడు? కాంట్రాక్టు ఉద్యోగికి ఏ మండలి ఉన్నది?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. మా ప్రక్క గదిలో అదే పాఠం అదే పిల్లలకు చెప్పి, మా జీతంలో మూడవ వంతు కూడా తీసుకోని విద్యా వాలంటీర్లను నేను చూచినవాణ్ణే. వారికి తీర్పరి లేకపోవడం ఉన్నవాడి తీర్పరిని తీసివేయడానికి కారణం కారాదు. వారి కోసం కూడా తీర్పరిని వెదకడానికి కారణం కావాలి. మండలి అంటూ ఏర్పడితే అందులో మొదటి వ్యాజ్యం వారిదే కావాలని నా కోరిక.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లు కాకుండా ఉండాలంటే తీర్పరి స్వతంత్రుడై ఉండాలి. అతని తీర్పు మనకు నచ్చకపోవచ్చు. నచ్చనప్పుడు అందరి ఎదుట కారణం చెప్పి మార్చుకుందాము. అంతేకానీ తీర్పును ముందే వ్రాసి జేబులో పెట్టుకొని, తీర్పరిని పీట మీద కూర్చుండమనడం తగవు కాదు. ఆ మాటను నేను పాత అర్థంలోనే వాడుతున్నాను.

ఆర్థికశాస్త్రం తెలిసిన మిత్రులు, ముఖ్యంగా న్యూజెర్సీలోనూ టొరంటోలోనూ ఉండి ఇటువంటి తీర్పులకు పన్ను కట్టేవారు, నా వాదంలోని లోటుపాట్లు వ్యాఖ్యలలో తెలియజేయగలరు. కటువుగా వ్రాసినా స్వీకరిస్తాను.

నమస్సులతో.